నెలకు రెండుసార్లు చెన్నై: ఒకే హోటల్ గ్రూపు మెంబర్‌షిప్ పట్టుకోవాలా, ఎక్కడ చవకైతే అక్కడ దిగాలా?

రొయ్యల మేత, నెల్లూరు

అందరికీ నమస్కారం. నాది నెల్లూరు, రొయ్యల మేత కంపెనీలో పని. మా పెద్దాఫీసు చెన్నై గిండీలో ఉంది కాబట్టి నెలకు రెండుసార్లు వెళ్లక తప్పదు, వెళ్తే ఒక రాత్రి, పని తేలకపోతే రెండో రాత్రి కూడా. హైదరాబాద్ మూణ్ణెల్లకోసారి. పోయినేడాది బిల్లులన్నీ ముందేసుకుని లెక్క చూస్తే మొత్తం 28 రాత్రులు హోటళ్లలో ఉన్నాను, అదీ 11 వేర్వేరు హోటళ్లలో. ఇన్నాళ్లూ నేను చేసిందల్లా ఫోన్‌లో బుకింగ్ యాప్ తెరిచి ఆ రోజుకు ఏది తక్కువలో కనిపిస్తే దాన్ని నొక్కడమే.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, పోయిన వారం ఒక హోటల్లో రూమ్ ఖాళీ చేస్తుంటే కౌంటర్ దగ్గర నా పక్కన ఇంకొకాయన నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం దాకా ఉండొచ్చా అని అడిగారు. ఆ అమ్మాయి స్క్రీన్ చూసి "మీరు మెంబరే కదా సర్, 2 గంటల దాకా ఉండండి" అంది. నేనూ అదే అడిగితే "ఈరోజు ఫుల్ సర్, 11కి ఇచ్చేయాలి" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, యాప్‌లోంచి వచ్చినవాడిని, ఆమె ముందు నా పేరు తప్ప ఇంకేం లేదు. నా మీటింగ్ మూడింటికి. అప్పటిదాకా లాబీలో బ్యాగు కాళ్ల మధ్య, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా కాస్తా నలిగిపోయింది, దానితోనే వెళ్లి మా డైరెక్టర్ ముందు కూర్చున్నాను. ఆ రోజంతా మనసు బాగాలేదు.

కంపెనీ రాత్రికి రూమ్ అద్దె 6,500 దాకా ఇస్తుంది, పన్ను వేరు. ఏడాదికి 28 రాత్రులు ఉండేవాడికి ఒకే హోటల్ గ్రూపులో మెంబరై, ఉన్న రాత్రులకు పాయింట్లు పోగేసుకునే ఈ గొడవ పెట్టుకోవడం దండగా? పెట్టుకుంటే ఏ గ్రూపు మంచిది? ఇంకొకటి, సంక్రాంతి తర్వాత నాన్నకు చెన్నైలోనే గ్రీమ్స్ రోడ్డు దగ్గర మోకాలి ఆపరేషన్. అమ్మా నేనూ అయిదు రాత్రులు ఉండాలి. ఆ ఖర్చు కూడా దీంట్లో ఏమైనా కలిసొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

ఒంగోలు గిత్త

అన్నా, నేను ఆసుపత్రి పరికరాలు అమ్ముతాను, పన్నెండేళ్లుగా ఇదే తిరుగుడు, వారంలో రెండు మూడు రాత్రులు ఇంటి బయటే. నువ్వు లాబీలో కూర్చున్నట్టు నేనూ చాలాసార్లు కూర్చున్నా కాబట్టి వివరంగా రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదువు.

ముందు హోటల్, తర్వాతే పాయింట్లు. పాయింట్ల కోసం ఊరికి ఆ చివర దిగి రోజూ గంటన్నర ఆటోలో కూర్చున్నవాళ్లను చూశాను. నీ పని గిండీలో అయితే మెట్రో లైను పట్టుకుని చూడు. సెంట్రల్‌లో దిగి నీలం లైను ఎక్కితే తేనాంపేట, సైదాపేట, గిండీ, ఆలందూరు మీదుగా ఎయిర్‌పోర్టు దాకా మారకుండా పోతుంది. మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఇది పెద్ద వరం, ఆటోవాళ్లతో బేరాలు ఉండవు. గిండీలోనే ఉన్న గ్రాండ్ చోళా లాంటి పెద్ద హోటళ్లు నీ 6,500కు మామూలు రోజుల్లో దొరకవు. అందుకని ఆ లైను మీద ఏ స్టేషన్‌కైనా నడిచి వెళ్లే దూరంలో మధ్యరకం హోటల్ చూసుకో. ఇంకో మాట, చెన్నైలో ఆఫీసు పనులవాళ్లు దిగే హోటళ్లలో సోమవారం నుంచి గురువారం దాకా రేటు ఎక్కువ, శని ఆదివారాలు తగ్గుతుంది. మీటింగ్ నీ చేతిలో ఉంటే శుక్రవారం పెట్టుకుని గురువారం బదులు శుక్రవారం రాత్రి ఉండు, తేడా బిల్లులోనే కనిపిస్తుంది.

ఇప్పుడు నీ 28 రాత్రుల సంగతి. ఏడాదిలో ఉన్న రాత్రులను బట్టి మెంబర్లకు స్థాయిలు ఉంటాయి, మారియట్‌లో 10 రాత్రులకు సిల్వర్, 25కు గోల్డ్, 50కు ప్లాటినం. అకార్‌లో, అంటే నోవోటెల్, ఐబిస్ వాళ్లది, 10కి సిల్వర్, 30కి గోల్డ్, 60కి ప్లాటినం. హాలిడే ఇన్ వాళ్ల ఐహెచ్‌జీలో 10, 20, 40, 70. హయత్‌లో 10, 30, 60. నువ్వు అన్నిచోట్లా కాస్త కాస్త ఉంటే ఎక్కడా ఏమీ కావు. 28లో 25 రాత్రులు మారియట్ గ్రూపు హోటళ్లలో ఉంటే గోల్డ్ అవుతావు. నువ్వు పక్కన చూసిన ఆ పెద్దాయన కూడా బహుశా అదే, గోల్డ్‌కు రూమ్ ఉంటే 2 గంటల దాకా ఇస్తారు, ప్లాటినంకు 4 గంటల దాకా. రూమ్ ఉంటేనే సుమా, హక్కుగా పోట్లాడితే పని కాదు. గోల్డ్‌కు ఉచిత టిఫిన్ కూడా ఉంటుందని చాలామంది అనుకుంటారు, మారియట్‌లో అది లేదు. టిఫిన్, లాంజ్ ఇవన్నీ ప్లాటినం నుంచి మొదలవుతాయి, అదీ హోటల్ బ్రాండును బట్టి మారుతుంది. వాళ్లవే అయిన కోర్ట్‌యార్డ్‌లో ఒక రకం, ఫెయిర్‌ఫీల్డ్‌లో ఇంకో రకం.

50 రాత్రుల కోసం మాత్రం ఉరకొద్దు. నేను ఒక ఏడాది డిసెంబర్‌లో ఆరు రాత్రులు తగ్గాయని పని లేకపోయినా సొంత డబ్బుతో హోటల్లో పడుకున్నాను. ఇంట్లో చిన్నపిల్ల ఉంది అప్పుడు. ఆ ఆరు రాత్రులూ ఇంట్లో ఉండాల్సింది అని ఇప్పటికీ బాధ.

అన్నిటికంటే ముఖ్యం, హోటల్ సొంత సైటులో గానీ సొంత యాప్‌లో గానీ బుక్ చేయి. బయటి బుకింగ్ యాప్‌లలో చేస్తే మామూలుగా పాయింట్లూ రావు, రాత్రులూ లెక్కలోకి రావు, నంబరు చెప్పినా కౌంటర్‌లో వాళ్లు ఏం చేయలేరు. నీ 28 రాత్రులు అలాగే పోయాయి. మెంబరుగా లాగిన్ అయితే రేటు కూడా కొంచెం తగ్గుతుంది, వైఫై ఉచితం. చేరడానికి పైసా కట్టక్కర్లేదు, ఇప్పుడే చేరిపో.

---

కావలి కుర్రోడు

ఇంత లెక్క అవసరమా అన్నా? సెంట్రల్ పక్కన 1,800కు ఏసీ రూమ్ దొరుకుతుంది, పొద్దున్నే కిందకు దిగితే నాలుగడుగుల్లో ఇడ్లీ వడ. కంపెనీ 6,500 ఇస్తే మిగిలింది మిగిలినట్టే. పాయింట్లకు రూపాయల్లో విలువెంతో ఎవరైనా చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

---

ఒంగోలు గిత్త

న్యాయమైన ప్రశ్న తమ్ముడూ. మారియట్‌లో చాలా బ్రాండ్లలో డాలర్‌కు 10 పాయింట్లు, సిల్వర్‌కు దానిమీద 10 శాతం, గోల్డ్‌కు 25 శాతం ఎక్కువ. 6,000 రూపాయల రూమ్‌కు దగ్గర దగ్గర 700 పాయింట్లు వేసుకో, గోల్డ్ అయితే ఎనిమిది వందల పైన. ఏడాదంతా 28 రాత్రులు ఉంటే ఇరవై వేల చిల్లర. దాంతో ఒక మధ్యరకం హోటల్లో ఒకటి రెండు రాత్రులు వస్తాయి, తారీఖును బట్టి పాయింట్ల రేటు కూడా మారుతుంది కాబట్టి ఇంతే అని చెప్పడానికి లేదు. అంటే పాయింట్ల కోసమని రాత్రికి వెయ్యి ఎక్కువ పెట్టడం శుద్ధ దండగ, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అదే రేటుకు రెండు హోటళ్లు ఉన్నప్పుడు మెంబర్‌షిప్ ఉన్నదాన్ని ఎంచుకోవడం, అంతే. 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి, అది గుర్తుపెట్టుకోవాలి. లెక్క తేలిగ్గా ఉండాలనుకుంటే తాజ్, జింజర్ వాళ్ల పాయింట్‌ను న్యూకాయిన్ అంటారు, ఒకటి ఒక రూపాయి. అకార్‌లో 2,000 పాయింట్లకు 40 యూరోలు బిల్లులో తగ్గిస్తారు. ఆ రెండిట్లో విలువ ముందే తెలుస్తుంది.

మిగిలింది జేబులో వేసుకోవచ్చన్నావు, కొన్ని కంపెనీల్లో అలా ఇస్తారు, చాలాచోట్ల బిల్లు ఎంతో అంతే ఇస్తారు. అడిగినాయనది ఏ రకమో ఆయనే చెప్పాలి.

---

చీమకుర్తి రాయి

నేను గ్రానైట్ వ్యాపారం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కొనడానికి బయటి దేశాల వాళ్లు వస్తే ముందు చెన్నైలో దిగుతారు, వాళ్లకు రూములు వేసేది, నేనూ అక్కడే ఉండేది పాతికేళ్లుగా అలవాటు. పాయింట్ల గురించి గిత్త బాగా చెప్పాడు. నేను పన్ను గురించి చెప్తాను, ఎందుకంటే దీంట్లో పోయే డబ్బు పాయింట్లలో వచ్చేదానికంటే ఎక్కువ.

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న రూమ్‌కు జీఎస్టీ 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం, అది మారలేదు. ఇప్పుడు చూడు, 7,500 రూమ్ అయితే పన్నుతో కలిపి 7,875. 7,600 రూమ్ అయితే 8,968. రేటులో వంద తేడా, కట్టేదాంట్లో వెయ్యీ తొంభై మూడు తేడా. యాప్‌లలో పన్ను లేని రేటు పెద్ద అక్షరాలతో చూపిస్తారు, చివరి పేజీ దాకా వెళ్లి మొత్తం చూసుకోండి. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు ఇదే చెప్తాను, 7,500కి కాస్త పైన రేటు కనిపిస్తే హోటల్‌కు ఫోన్ చేసి 7,500 లోపు ఇస్తారా అని అడగమని. ఖాళీ రోజుల్లో చాలాసార్లు ఇస్తారు.

రెండోది, హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిది. చెన్నై బిల్లులో పడేది కేంద్రం వాటా సీజీఎస్టీ, తమిళనాడు వాటా ఎస్‌జీఎస్టీ. మన ఆంధ్రా జీఎస్టీ నంబరు ఇచ్చినా ఆ క్రెడిట్, అంటే అక్కడ కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం, మనకు రాదు. నేను మొదట్లో రెండేళ్లపాటు బిల్లులు దాచి ఆడిటర్ ముందు పోస్తే ఆయన ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టేశాడు, ఆ కట్ట ఇంకా నా బీరువాలో ఉంది. మీ పెద్దాఫీసు గిండీలోనే అన్నావు కాబట్టి వాళ్లకు తమిళనాడు నంబరు ఉంటుంది, బిల్లు దాని మీద తీసుకో.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏ హోటల్ మీదా మరీ ఆశ పెట్టుకోవద్దు. అడయార్ గేట్ దగ్గర హోటల్ ఉండేది కదా, మన వైపు పాతవాళ్లు చాలామందికి తెలుసు. షెరటన్ పేరుతో ఎన్నో ఏళ్లు నడిచింది, తర్వాత క్రౌన్ ప్లాజా అని బోర్డు మారింది, అంటే ఒక గ్రూపు లెక్కలోంచి ఇంకో గ్రూపు లెక్కలోకి పోయింది, చివరికి 2023 డిసెంబర్‌లో మూసేశారు. నా మొదటి ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ మాట్లాడుకున్నది అక్కడి కాఫీ టేబుల్ మీదే. మూసేస్తున్నారని తెలిసి ఆ వారం వెళ్లి ఒక పూట భోంచేసి వచ్చాను. కాబట్టి గ్రూపును ఎంచుకునేటప్పుడు నువ్వు తిరిగే ఊళ్లన్నిట్లో, ఒక్కో ఊళ్లో రెండు మూడుచోట్ల వాళ్ల హోటళ్లు ఉన్నాయో లేదో చూసుకో, ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలి.

---

పెన్నా ఒడ్డు

నేను పాయింట్ల గురించి పెద్దగా చెప్పలేను గానీ మీ నాన్నగారి ఆపరేషన్ మాట చదివి రాస్తున్నాను. రెండేళ్ల క్రితం అమ్మకు కంటి ఆపరేషన్ అని చెన్నై తీసుకెళ్లాను. అమ్మకు మోకాళ్లు కూడా బాగా నొప్పి. ఒక బుకింగ్ యాప్‌లో మంచి రేటింగ్ చూసి ఒక హోటల్ తీసుకున్నాను, "పెద్దావిడ ఉంది, కింది అంతస్తు, రెండు మంచాలు కావాలి" అని యాప్‌లో రాశాను కూడా. రాత్రి పదకొండున్నరకు వెళ్తే వాళ్లకు ఆ మాట చేరనే లేదు. నాలుగో అంతస్తులో ఒకే మంచం ఉన్న రూమ్ ఇచ్చారు, సరే సర్దుకుందాం అనుకున్నాం. పొద్దున స్నానానికి వెళ్తే బాత్‌రూమ్‌లో టబ్బు. దాని అంచు అమ్మ మోకాలి ఎత్తున ఉంది. అమ్మ తువ్వాలు వేసే కడ్డీ పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది, రెండో కాలు ఎత్తలేక అలాగే నిలబడిపోయింది. ఆ కడ్డీ మేకు కదలడం నాకు వినపడింది. నేను వెనక నుంచి పట్టుకుని కిందికి దించాను. ఆ తర్వాత మూడు రోజులూ బకెట్ తెప్పించుకుని టబ్బు బయటే పోసుకుంది.

అందుకని తమ్ముడూ, ఆ అయిదు రాత్రులకు మాత్రం మెంబర్‌షిప్ సంగతి పక్కన పెట్టు. ఆసుపత్రికి నడిచి వెళ్లే దూరం చూడు. గ్రీమ్స్ రోడ్డు చుట్టూ, థౌజండ్ లైట్స్ వైపు రోగుల బంధువుల కోసమే లాడ్జీలు, వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. వంటగది ఉంటే అమ్మ నాన్నకు జావో, పప్పన్నమో వండి పెట్టుకోగలదు. ఆసుపత్రి దగ్గర మెట్లెక్కి దిగి క్యాంటీన్‌కు పరిగెత్తే పని తప్పుతుంది. బుక్ చేసే ముందు ఆ హోటల్‌కే ఫోన్ చేసి ఇవి అడుగు: స్నానానికి టబ్బా, నేల మీదే నిలబడి చేసే షవరా, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉందా, కమోడ్ ఎత్తు ఎంత, వీల్‌చైర్ లిఫ్టులో పడుతుందా, బయట గుమ్మం దగ్గర మెట్లు ఎన్ని. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు పల్లంగా ఉండే కమోడ్ మీద కూర్చుని లేవలేరు, దాని మీద పెట్టే ఎత్తు సీటు మందుల షాపుల దగ్గర అమ్ముతారు, ముందే కొనిపెట్టుకో. ఫోన్‌లో మాట్లాడినవాళ్ల పేరు రాసుకో, వెళ్లే ముందు రోజు మళ్లీ ఒకసారి చేసి అడుగు. మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

---

రొయ్యల మేత, నెల్లూరు

అందరికీ చేతులెత్తి దండం. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. కావలి తమ్ముడికి జవాబు, మా కంపెనీలో బిల్లు ఎంతో అంతే ఇస్తారు, మిగిలేదేం లేదు. చీమకుర్తి అన్నా, మీరు చెప్పిన జీఎస్టీ మాట అకౌంట్స్‌లో అడిగాను. రొయ్యల మేత మీద జీఎస్టీ లేదు కాబట్టి మాకు ఏ రాష్ట్రం క్రెడిట్ అయినా ఎటూ ఉపయోగం లేదన్నారు. అయితే 7,500 గీత సంగతి వాళ్లకే బాగా నచ్చింది, 6,500 పరిమితిని 7,500 చేయొచ్చేమో మాట్లాడతామన్నారు. పాయింట్లు నా పేరు మీద పడితే అభ్యంతరం లేదని కూడా మెయిల్‌లో రాసి ఇచ్చారు.

మారియట్‌లో చేరాను. వచ్చే వారం గిండీ పనికి వాళ్ల సైటులోనే, మెట్రో పక్కన ఒకటి బుక్ చేశాను, పన్నుతో కలిపి 6,615 పడింది. ఇంకో సందేహం, ఒక బ్యాంకు మారియట్ క్రెడిట్ కార్డు అని ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, తీసుకోవచ్చా?

---

ఒంగోలు గిత్త

హెచ్‌డీఎఫ్‌సీ వాళ్లది అయితే అది 2023లో వచ్చింది, వచ్చినప్పటి లెక్క ప్రకారం ఏడాదికి 3,000, దానిమీద జీఎస్టీ. ఏటా 15,000 పాయింట్ల దాకా విలువున్న ఒక రాత్రి ఉచితంగా ఇస్తారు, సిల్వర్ వస్తుంది, 10 రాత్రులు లెక్కలో కలుస్తాయి. నీకు ఆ 10 రాత్రులే అసలు లాభం, 15 రాత్రులు ఉంటే చాలు, 25 పూర్తయి గోల్డ్ అవుతావు. అంటే ధర ఎక్కువగా ఉన్న రోజుల్లో మొండిగా అదే గ్రూపులో ఉండక్కర్లేదు, ఎక్కడ బాగుంటే అక్కడ ఉండొచ్చు. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టేవాడివైతేనే తీసుకో, ఒక్క నెల వడ్డీ పడితే ఆ ఉచిత రాత్రి విలువ అందులోనే కొట్టుకుపోతుంది. పాయింట్లు పోగయ్యాక అయిదు రాత్రులు వరసగా పాయింట్లతో బుక్ చేస్తే నాలుగింటికే తీసుకుంటారు, అది అమ్మానాన్నలను ఎప్పుడైనా తిప్పడానికి దాచిపెట్టుకో.

---

రొయ్యల మేత, నెల్లూరు

పెన్నా ఒడ్డు అక్కా, మీరు చెప్పినట్టే నాలుగుచోట్లకు ఫోన్ చేశాను. ముగ్గురు "అన్నీ ఉన్నాయి సర్, వచ్చేయండి" అన్నారు. నాలుగో ఆయన మాత్రం ఒక్క నిమిషం అని ఫోన్ అలాగే పెట్టి, టేపు తీసుకుని వెళ్లి కొలిచి వచ్చి, కమోడ్ పదహారు అంగుళాలు, గుమ్మం దగ్గర రెండు మెట్లు, పక్కన వాలు పలక ఉంది, స్నానానికి షవరే, టబ్బు లేదు అని చెప్పారు. ఆయన దగ్గరే బుక్ చేశాను. ఎత్తు సీటు రేపు మన ట్రంకు రోడ్డులో కొంటాను.